కాలువ ఎవరిది? పార ఎవరిది?

మన పండితులలో కొందరికి పాత పల్లెటూరును తలుచుకుంటే కళ్ళు చెమ్మగిల్లుతాయి. ఆనాడు ఊరంతా ఒక్కటై, ఎవరూ పిలవకుండానే పారలు భుజాన వేసుకుని వచ్చి, చెరువుకు నీళ్ళు తెచ్చే కాలువను పూడిక తీసుకునేవారట. ప్రభుత్వం మీద ఆధారపడటం తర్వాత వచ్చిన జబ్బట. ఈ మాట నేనూ కొంతకాలం తరగతిలో చెప్పాను. చెప్పడమే కాదు, పాతికమంది విద్యార్థులను వెంటబెట్టుకుని తిరుపతి దాపున ఒక కాలువ శుభ్రం చేయడానికి పోయాను. అక్కడే నా పాఠం తప్పని తేలింది.

మధ్యాహ్నం చెట్టుకింద కూర్చుని ‘పూర్వుల స్వచ్ఛంద సేవ’ గురించి నేను ఉపన్యసిస్తూ ఉంటే ఒక విద్యార్థి లేచాడు. “సార్, మా జేజినాయన నీరుగంటి. కాలువ పని మా యింట్లో సేవ కాదు, బతుకుదెరువు. కళ్ళంలో మేర కొలిస్తే తిన్నాం, కొలవకపోతే పస్తున్నాం” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కుంటూ చదివినదాని సారాంశమే ఈ వ్యాసం.

ముందుగా ఈ సీమ నీటి సంగతి చెప్పుకోవాలి. స్వర్ణముఖి ఏడాది పొడుగునా పారే నది కాదు. వానకు పొంగుతుంది, ఆ పైన ఇసుక మిగులుతుంది. ఆ ఇసుక అడుగున నీరుంటుంది కనుక నది పడకలో ఊటకాలువలు తవ్వి, ఆ నీటిని గట్టుకు ఎక్కించేవారు. వరద వచ్చిన ప్రతిసారీ ఆ కాలువ ఇసుకలో కూరుకుపోతుంది. మళ్ళీ తవ్వాలి. చెరువుల సంగతీ అంతే. పై చెరువు మొరవ పోతే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. నడుమ కాలువలో ఒక్కచోట పూడిక పడితే కింది ఊళ్ళన్నీ ఎండుతాయి. అంటే ఇక్కడ సేద్యం ఒక్కడి చేతిలో ఉండేది కాదు. సమష్టి శ్రమ లేకుండా ఒక్క గింజ పండదు. పాత పల్లెటూరును పొగిడేవారు ఇంతవరకూ చెప్పేది నిజమే. అయితే శ్రమ సమష్టిది అయినంతమాత్రాన ఫలం కూడా సమష్టిది అయిందా? అసలు ప్రశ్న ఇది.

శాసనాలను అడుగుదాం. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. మంచి చెరువుకు పన్నెండు అంగాలూ, ఆరు దోషాలూ ఉంటాయని ఆ శాసనం లెక్కపెట్టి చెబుతుంది. ఆనాటి నీటి విజ్ఞానానికి అది గర్వించదగిన సాక్ష్యం. అదే శాసనం ఇంకొక లెక్క కూడా చెబుతుంది: రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ళ పని. రాజకుమారుడి పేరు రాతిలో నిలిచింది. ఆ వెయ్యిమందీ ఒక అంకెగా మిగిలారు.

తిరుపతి సంగతి మరింత విశేషమైనది. దేవస్థానంవారు 1931 నుంచి అచ్చువేసిన శాసన సంపుటాలు చూస్తే ఆనాటి ఆర్థిక వ్యవస్థ కళ్ళకు కడుతుంది. విజయనగర కాలంలో దాతలు గుడి భండారంలో సొమ్ము జమచేసేవారు. ఆ సొమ్ముతో దేవుని గ్రామాలలో చెరువులూ, కాలువలూ తవ్వించేవారు. దానివల్ల పెరిగిన పంటలోంచి దాత పేర నైవేద్యం జరిగేది. ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతకు హక్కు. బర్టన్ స్టెయిన్ అనే చరిత్రకారుడు 1960లో ఈ ఏర్పాటును పరిశీలించి, గుడి ఆనాడు వ్యవసాయానికి పెట్టుబడి సమకూర్చిన సంస్థ అని నిరూపించాడు. మేము ఎం.ఏ.లో తాళ్ళపాకవారిని కవులుగానే చదువుకున్నాం. అదే కుటుంబంలోని పెదతిరుమలాచార్యుడు ఈ శాసనాలలో పెద్ద దాతగా కనిపిస్తాడు. సాహిత్య చరిత్రనూ సాగునీటి చరిత్రనూ వేరువేరు అలమరలలో దాచిపెట్టడంవల్ల మనకెంత నష్టం జరిగిందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

భక్తి వల్ల కాలువ తవ్వలేదని నేననను. కాలువ తవ్వితే పంట పెరిగింది, అది మేలే. కాని సొమ్ము పెట్టినవాడికి నాలుగో వంతు అని శాసనం లెక్కగా రాసింది. పార పట్టినవాడి వాటా మాటేమిటి? దాత పేరుకు రాయి దొరికినంత సులభంగా వాడి పేరుకు దొరకలేదు.

రాయలసీమలో దశబంధమని ఒక యీనాం ఉండేది. చెరువు కట్టించినవాడికీ, బాగుచేసేవాడికీ ఆ చెరువు కింద భూమిలోనో ఆదాయంలోనో కొంత వాటా ఇచ్చేవారు. చెరువును కాపాడటం అతని విధి. ఇది త్యాగం కాదు, ఒప్పందం. పని చేసినంతకాలం భూమి అనుభవించాలి. రానురాను యీనాందారు చేతిలో భూమి నిలిచింది, బాధ్యత మాత్రం చాలాచోట్ల జారిపోయింది.

తెల్లవాళ్ళు వచ్చాక కథ మారింది. తరి భూమికి తరి శిస్తు వసూలు చేసుకున్నారు. ఆ తరిని నిలబెట్టే కాలువ మరమ్మతులో చిన్న పనులను మాత్రం రైతుల ‘ఆచారం’ అన్నారు. ఆ ఆచారానికి పెట్టిన పేరే కుడిమరామత్తు. ‘కుడి’ తమిళం, రైతు అని అర్థం. ‘మరామత్తు’ అరబ్బీనుంచి వచ్చింది, బాగుచేయడమని అర్థం. 1858లో ఆ ఆచారాన్ని చట్టం చేశారు. మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం ప్రకారం, ఆచారంగా చేయవలసిన కాలువ పనికి రానివాడు ఆ శ్రమ విలువకు రెట్టింపు చెల్లించాలి. స్వచ్ఛందంగా జరిగే పనికి జుల్మానా ఎందుకు? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే పాత పల్లెటూరి మీది మన భ్రమ సగం తొలగిపోతుంది.

ఫలితం 1876–78 కరువులో తేలింది. ఆ తర్వాతే, 1883లో, మద్రాసు ప్రభుత్వం చెరువుల పునరుద్ధరణ పథకం మొదలుపెట్టింది. లక్షలాది ప్రాణాలు పోయిన తర్వాత చెరువులను గురించి ఆలోచించారన్నమాట!

స్వాతంత్ర్యం తర్వాత కరెంటు మోటారు వచ్చింది. కలిగినవాడు బోరు వేసుకున్నాడు. తన పొలంలో తన నీరు ఉన్నాక అతనికి కాలువతో పనేముంది? పూడిక తీద్దాం రమ్మంటే రాడు. బోరు వేయలేని చిన్నరైతు ఒక్కడే కాలువను పట్టుకుని మిగిలాడు. కుడిమరామత్తు చచ్చింది జనంలో నీతి చచ్చిపోయి కాదు. నీరు సొంత ఆస్తి కావడంవల్ల. 1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చి కాలువను రైతులకే అప్పగించామన్నారు. కాని భూమిలేని కూలీకి ఆ సంఘంలో ఓటు లేదు. నీరుగంటి మనుమడు అక్కడ మళ్ళీ బయటివాడే.

ఈలోగా ఊరు పట్నమైంది. కాలువ మీద ఇల్లు లేచింది, చెరువులో రోడ్డు పడింది. 2021 నవంబరులో వాన కుండపోతగా కురిసినప్పుడు తిరుపతి వీధులు ఏరులయ్యాయి. రాయలచెరువు కట్ట నీరుకారితే దిగువ పల్లెల జనాన్ని ఖాళీ చేయించి, ఇసుక బస్తాలు వేసి కట్టను నిలబెట్టవలసి వచ్చింది. నీటికి తన దారి గుర్తుంటుంది, మరిచిపోయింది మనం.

మరి మా విద్యార్థులు ఆ పూట పార పట్టడం దండగా? కాదు. ఆ పిల్లలు కాలువను మొదటిసారి చూశారు. అది ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో, ఏ ఇంటి గోడ దానికి అడ్డుపడిందో కళ్ళారా చూశారు. ఆ చూపు అవసరం. కాని పారతో ఆగిపోతే మనం కుడిమరామత్తునే మళ్ళీ బతికించినవాళ్ళమవుతాం: ప్రభుత్వం చేయవలసిన పనిని ఉచితంగా చేసిపెట్టి, పొగడ్తలు పుచ్చుకుని ఇంటికి పోతాం. చెరువులూ కుంటలూ ఉమ్మడి ఆస్తి, వాటిని ఇళ్ళస్థలాలుగా ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2001లోనే హించ్‌లాల్ తివారీ కేసులో చెప్పింది. మన జిల్లాలలో ప్రతి కాలువకూ హద్దులు కొలిచి పటం బహిరంగంగా పెట్టమని అడగాలి. పూడికతీతకు కూలి ఇమ్మని అడగాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద చెరువు పని చేసినవాళ్ళకు, ఆడా మగా తేడా లేకుండా, కూలి ముట్టింది. 1858లో రానివాడికి జుల్మానా, 2005 తర్వాత వచ్చినవాడికి కూలి. చరిత్ర ముందుకు నడవడమంటే ఇదే. ఆ అడుగు వెనక్కి పడకుండా చూసుకోవాలి.

సాయంత్రం పని ముగిశాక, గట్టున కూర్చుని మమ్మల్ని చూస్తున్న ఒక ముసలి రైతు అన్నాడు: “బాగా తీసినారు అయివారూ. నీళ్ళొస్తే ఎవురి మడికి పోతాయో అది గూడా చూసిపోండి.”

మరుసటి ఆదివారం మేము పారలు తీసుకుపోలేదు. టేపూ, నోటుపుస్తకమూ తీసుకుపోయాం. నీరుగంటి మనుమడు ముందు నడిచాడు.