గాలపు ఎరకు సువాసన

ఎరకు సువాసన పట్టించినచో చేపలు తప్పక చిక్కునను నమ్మిక నేటిది కాదు. 1653లో తొలిసారి అచ్చయిన ‘కంప్లీట్ యాంగ్లర్’ గ్రంథమున ఐజాక్ వాల్టన్ ఒక వింత చెప్పెను. ఆలివర్ హెన్లీ యను వేటకాడు గాలమునకు గ్రుచ్చుటకు ముందు మూడు నాలుగు వానపాములను చిన్న పెట్టెలో కొంతసేపుంచెడివాడు. తోడివారికంటె ఎక్కువ చేపలు పట్టెడివాడు. ఆ పెట్టెకు ఐవీ పండ్ల నూనె పూయుటయే అందలి రహస్యమని అతని ఆప్తమిత్రుడొకడు వాల్టనుతో చెప్పెనట. తాను మాత్రము పరీక్షింపలేదని వాల్టన్ స్పష్టముగా వ్రాసెను. ఎరలమ్మువారిలో ఇట్టి నిజాయితీ అరుదు!

1949లో అమెరికాలో నిక్ క్రీమ్ మెత్తని ప్లాస్టిక్ వానపామును చేసెను. బాస్ చేపలు దానిని ఆశగా నోట పట్టినవి. కాని ప్లాస్టిక్కునకు ప్రాణి రుచి యెక్కడిది? ఆ లోటు తీర్తుమని పరిమళద్రవ్యములు అంగళ్లకెక్కినవి.

బాస్ ప్రధానముగా కంటితోను, నీటి కదలికను పసిగట్టియు వేటాడును. చేప ముక్కునకు అందునది నీట కరగు పదార్థమే. అమైనో ఆమ్లములు కరగును, నూనె కరగదు. కావున సువాసన దూరపు బాసును పిలిచి తెచ్చునని మేము నమ్మజాలము. అయితే రుచిగల ఎరను నోట పట్టిన చేప వెంటనే ఉమ్మివేయదు. గాలము లాగుటకు వేటకానికి కావలసినది ఆ ఒకటి రెండు క్షణములే. మెత్తని ఎరను అడుగున నెమ్మదిగా కదల్చువానికి ఆ సీసా వలన కొంత లాభము కలదు. లోహపు ఎరను వడిగా లాగువానికి అది వృథావ్యయము.