నీటికి దారి

ఈ ప్రత్యేక సంచికకు ఉద్యోగ జీవితపు అనుభవం ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. నీటిపారుదల శాఖలో నేర్చుకున్న ఒక పాఠాన్ని, పదవీ విరమణ తరువాత అమెరికాలో మా అబ్బాయి ఇంట్లో మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. దాని వెనుక కొంత చరిత్ర కూడా ఉన్నది కనుక అదే వ్రాస్తున్నాను.

2011 వేసవిలో నేనూ మా ఆవిడా న్యూజెర్సీ వెళ్ళాము. అక్కడ చాలా ఇళ్ళకు బేస్‌మెంట్, అంటే నేలమాళిగ ఉంటుంది. మావాడి బేస్‌మెంట్ గోడ అడుగున చెమ్మ కనిపించింది. లోపలి వైపు వాటర్‌ప్రూఫ్ సిమెంటుతో ప్లాస్టరింగ్ చేయిస్తే చాలని నేనే సలహా ఇచ్చాను. ఆగస్టు నెలాఖరులో ఐరీన్ తుఫాను వచ్చింది. తెల్లవారేసరికి ఆ పూత పెచ్చులుగా ఊడిపోయి, గోడకూ నేలకూ మధ్య సందులోనుంచి నీరు ఊరుతోంది. అట్టపెట్టెల్లో పెట్టిన పాత ఫోటో ఆల్బములు తడిసిపోయాయి.

మావాడు నన్ను ఒక్క మాట అనలేదు. "నాన్నగారూ, చిన్నప్పుడు నన్ను సాగర్ డ్యామ్ గ్యాలరీలోకి తీసుకువెళ్ళారు, జ్ఞాపకం ఉందా? అక్కడ కాలువలో నీళ్ళు పారుతుంటే నేను భయపడ్డాను. ఇవి పారుతున్నంతకాలం భయం లేదురా, ఆగిపోతేనే చూసుకోవాలి అన్నారు మీరు" అన్నాడు. నాకు సిగ్గు వేసింది.

1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ రాతి ఆనకట్ట. అంత పెద్ద కట్టడమూ ఊటను పూర్తిగా ఆపదు. పునాదిలో సిమెంటు గ్రౌటింగ్ చేసి ఊటను తగ్గిస్తారు. మిగిలిన నీరు రంధ్రాల ద్వారా గ్యాలరీలోకి వచ్చి, సంపులో చేరి బయటకు పోతుంది. ఎందుకంటే నూరు మీటర్ల లోతున నీటి ఒత్తిడి చదరపు మీటరుకు నూరు టన్నులు. దారి లేకపోతే ఆ ఒత్తిడి అడుగునుంచి కట్టను పైకి లేపాలని చూస్తుంది.

ఈ సంగతి లోకానికి తేలికగా తెలియలేదు. 1895 ఏప్రిల్‌లో ఫ్రాన్సులోని బూజే ఆనకట్ట తెగి 80 మందికి పైగా మరణించారు. రాతికట్టులోకి చొరబడిన నీటి ఒత్తిడిని లెక్కలోకి తీసుకోకపోవడం అందుకు ముఖ్య కారణం. ఆ తరువాతనే ఇంజనీర్లు ఈ ఒత్తిడిని గట్టిగా పట్టించుకున్నారు.

ఇళ్ళ విషయంలో ఈ విద్య పొలాలనుంచి వచ్చింది. అమెరికాలో న్యాయమూర్తిగా పనిచేసిన హెన్రీ ఫ్లాగ్ ఫ్రెంచ్ 1859లో 'ఫార్మ్ డ్రైనేజ్' అనే గ్రంథం ప్రచురించాడు. నీరు నిలిచే పొలాలను కాల్చిన మట్టి గొట్టాలతోనూ, రాళ్ళు నింపిన కందకాలతోనూ బాగుచేసే పద్ధతులు వివరించి, నేలమాళిగల గురించి కూడా వ్రాశాడు. 'ఫ్రెంచ్ డ్రెయిన్' అన్న పేరు ఆయనదే, ఫ్రాన్సు దేశానిది కాదు. వాషింగ్టన్‌లో మన పిల్లలు చూపించే లింకన్ విగ్రహాన్ని రూపొందించిన శిల్పి ఆయన కుమారుడే.

మావాడి ఇంట్లో చేసింది కూడా ఈ పనే. ముందు చూరు కాలువలు సరిచేసి, ఇంటి చుట్టూ నేలకు బయటి వైపు వాలు ఇచ్చారు. తరువాత లోపల గోడల వెంబడి అడుగు వెడల్పున కాంక్రీటు పగులగొట్టి, పునాది పక్కన కందకం తీశారు. కంకర పరచి, రంధ్రాలున్న ప్లాస్టిక్ గొట్టాన్ని సంపు వైపు వాలుగా వేసి, మళ్ళీ కంకర పోశారు. గోడ అంచున ఊట దిగడానికి సన్నని సందు వదలి పైన కాంక్రీటు వేశారు. సంపులో నీటిమట్టం పెరగగానే పంపు దానంతట అదే ఆడుతుంది. తుఫానులోనే కరెంటు పోతుంది కనుక బ్యాటరీతో నడిచే రెండవ పంపు కూడా పెట్టించాము.

రెండు మీటర్ల లోతున గోడ మీద ఒత్తిడి చదరపు మీటరుకు రెండు టన్నుల వరకు ఉంటుంది. అర అంగుళం పూత దాన్ని ఎలా ఆపుతుంది? సర్వీసులో ఉండగా పై అధికారి ఎవరైనా ఇటువంటి సలహా ఇస్తే నేనే నవ్వి ఉండేవాణ్ణి. పిల్లల ఇళ్ళకు వెళ్ళినప్పుడు వారు అడగకుండానే సలహాలిచ్చే మిత్రులు నా అనుభవం గుర్తుంచుకోవాలి.

తడిసిన ఫోటోల్లో సాగర్ మీద మేమంతా కలిసి దిగినది ఒకటి ఉన్నది. ఆరబెట్టినా సగమే మిగిలింది. ఇప్పటికీ అక్కడ వర్షమని తెలిస్తే మావాడికి ఫోను చేసి, పంపు ఆడుతోందా అని అడుగుతాను. "పారుతూనే ఉంది నాన్నగారూ, భయం లేదు" అంటాడు.