ఓడెక్కిన మన ఆడపడుచులు

కడప, కర్నూలు జిల్లాల వారికి కరువంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. 1876-78 నాటి ధాత కరువు ఎన్నో ఊళ్లను ఊడ్చేసింది. బతకలేక మద్రాసు రేవులో ఓడెక్కినవారూ ఉన్నారు.

కూలీలతో మొదటి ఓడ ‘ట్రూరో’ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 1911 దాకా లక్షన్నర మందికి పైగా అలా వెళ్లారు. చెరకుతోటల్లో ఐదేళ్ల ఒప్పందం. ఆడవాళ్లకు మగవాళ్ల కూలిలో సగమే!

అంతటితో అయిందా? గడువు తీరాక అక్కడే ఉంటామన్నవాళ్ల మీద 1895లో చట్టం చేసి తలకు ఏటా మూడు పౌన్ల పన్ను వేశారు. పదమూడేళ్లు దాటిన ఆడపిల్లనూ వదల్లేదు. 1913లో గాంధీగారి సత్యాగ్రహంలో ఆడవాళ్లూ జైలుకెళ్లారు. మరుసటి ఏడే పన్ను రద్దయింది.

1931లో అక్కడి తెలుగువారు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. అప్పటిదాకా తెలుగును కాపాడింది ఎవరంటారు? చంకన బిడ్డతో, నోట తెలుగు మాటతో ఓడ దిగిన తల్లులు కారూ!

ఆ ఓడల జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు రాసి ఉన్నాయి. మీ ఇంట్లో పెద్దామె ఎవరైనా “మా వాళ్లొకరు ఓడెక్కిపోయి మళ్లీ రాలేదు” అంటే, పని కాస్త పక్కన పెట్టి ఆ పేరూ ఊరూ రాసి ఉంచండమ్మా.