ఆకాశానికి కనిపించని దీపం

కోపెన్‌హేగెన్, 1941. పొద్దు వాలితే చాలు, ఊళ్లో కిటికీలన్నిటికీ నల్లతెరలు దిగిపోతాయి. 1940 ఏప్రిల్ 9న జర్మన్ సేనలు డెన్మార్క్‌లో అడుగుపెట్టినప్పటి నుంచీ ఇదే వరస. వెలుతురు బయటికి పొక్కితే నేరం, విమానాలకు గుర్తు చూపించినట్టే.

ఊరి నడిబొడ్డున టివోలి ఉద్యానవనం. 1843 నుంచి జనం సాయంత్రాలు గడపడానికి వచ్చే చోటు. దీపాల కోసమే వచ్చేవాళ్లు బోలెడంత మంది. దీపాలార్పేస్తే టివోలి లేనట్టే. వెలిగిస్తే పైన విమానాలు. ఈ చిక్కు విప్పే బాధ్యత టివోలి వాస్తుశిల్పి పౌల్ హెన్నింగ్‌సెన్ మీద పడింది. డేన్‌లకు ఆయన పీహెచ్.

జవాబు ఆయన దగ్గర ఎప్పటినుంచో ఉంది. బాల్యం కిరోసిన్ దీపాల మెత్తని వెలుగులో గడిచింది. కరెంటు వచ్చాక బోసి బల్బు కళ్లలో పొడవడం ఆయనకు సయించలేదు. వెలుగు కావాలి, బల్బు మాత్రం కంటబడకూడదు. ఏళ్ల తరబడి దానిమీదే కూర్చున్నాడు. 1925 పారిస్ ప్రదర్శనలో ఆయన దీపానికి బంగారు పతకం వచ్చింది. లూయీ పౌల్సెన్ కంపెనీ తయారీకి దిగింది. మూకుళ్లు ఒకదాని కింద ఒకటి బోర్లించినట్టుంటుంది ఆ దీపం. ఒక్కో రేకు ఒంపూ లెక్క కట్టి గీసిందే. బల్బు కిరణం రేకు మీద ఎక్కడ తగిలినా దాదాపు ఒకే కోణంలో తగిలి, చెదిరి, కిందికి జారుతుంది.

బల్ల ముందు కూర్చున్నవాడి కంటికి బల్బును దాచినవాడు, విమానంలో ఉన్నవాడి కంటికి దాచలేడా? వెలుగు పైకి పోకుండా కింద దారి మీదే పడేలా టివోలికి కొత్త దీపం చేశాడు. బ్లాకౌట్ నడుస్తుండగానే టివోలి అర్ధరాత్రి దాకా తెరిచి ఉంది. యుద్ధకాలంలో ఇంత మానవీయమైన ఆవిష్కరణ నాకు మరొకటి తోచదు.

మన విశాఖ రేవుకు అటువంటి దీపం దొరకలేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. రేవు తెరిచి అప్పటికి తొమ్మిదేళ్లయినా నిండలేదు. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెల దారి పట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. నాడు పేలకుండా మిగిలిన బాంబును బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ చూడొచ్చు. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరంలో మునిగిన రోజుల్లోనూ ఊరికి తెలిసిన ఉపాయం ఒక్కటే: అద్దాలకు నల్లకాగితం అంటించి, లోపల చీకట్లో కూర్చోవడం.

పీహెచ్ దీపాల మనిషే కాదు, నాజీల మీద కలం ఝళిపించినవాడు కూడా. 1943లో డెన్మార్క్ యూదులను పట్టి పంపించే ఏర్పాట్లు మొదలయ్యాయి. యూదుడైన వాస్తుశిల్పి ఆర్నె జాకబ్‌సన్‌తో కలిసి ఆయన ఒక రాత్రి చిన్న పడవ ఎక్కాడు. ముందు ఓరెసుండ్ జలసంధి, అవతల స్వీడన్. ఇంజను లేదు, చేతిలో తెడ్లే. నీళ్లలో జర్మన్ గస్తీ పడవలు తిరుగుతున్నాయి. తెడ్డు చప్పుడు కాస్త గట్టిగా వినబడినా గుండె ఆగినంత పనై ఉంటుంది. అవతలి ఒడ్డు చేరారు. ఆయన స్వీడన్‌లో ఉండగానే, 1944లో, నాజీల తొత్తులు టివోలిలో బాంబులు పేల్చి కచేరీ మందిరాన్ని తగలబెట్టారు.

యుద్ధం ముగిశాక ఇల్లు చేరిన పీహెచ్, 1958లో పీహెచ్ 5 దీపం గీశాడు. అడ్డం 50 సెంటీమీటర్లు, అల్యూమినియం రేకులు. బల్బుల కంపెనీలు అస్తమానం ఆకారాలు మారుస్తున్నాయని విసిగి, ఏ బల్బు పెట్టినా కళ్లకు గుచ్చుకోకుండా కట్టాడు. మన కంటికి తక్కువగా ఆనే ఎరుపు, నీలం పెరగాలని లోపలి రేకులకు ఆ రంగులే పూయించాడు. నేటికీ డేన్‌ల ఇళ్లలో భోజనాల బల్ల మీద వేలాడుతోంది.

విశాఖలో సీతమ్మధారలోనో మద్దిలపాలెంలోనో కొత్త ఫ్లాటుకు దీపాలు కొనేవాళ్లకు ఒక మాట. పీహెచ్ 5 ఖరీదైనదే, అదే కొనక్కర్లేదు. దుకాణంలోనే దీపాన్ని బల్లకు 60 సెంటీమీటర్ల ఎత్తున వేలాడదీయించి, కుర్చీలో కూర్చుని చూడండి. బల్బు కనబడితే ఇంకోటి చూపించమనండి.