నోటు వెనక చెల్లు

ఊళ్లో మాట చెల్లే మనిషికి ఉండేది పరపతి. సహకార సంఘం బోర్డు మీద అప్పుకు రాసేదీ పరపతే. ఒకే మాట రెండు పనులూ చేస్తోందంటే, మనిషి మీది నమ్మకం చూసే అప్పు పుట్టేదన్నమాట. ఖమ్మం జిల్లా బోనకల్ లాంటి పత్తి, మిర్చి నేలల్లో విత్తనం ఖర్చు తొలకరికే మొదలవుతుంది, డబ్బు మాత్రం పంట అమ్మాకే. మధ్య నెలలన్నీ అప్పు మీదే నడవాలి. 1889లో బెజవాడ దాకా వచ్చిన నిజాం రైలు సరుకును దూరపు సంతలకు చేర్చింది గానీ ఈ ఎడాన్ని పూడ్చలేదు.

రైతుకు లెక్క రాకే మునిగాడని చాలామంది అంటారు. నేనొప్పుకోను. 'నూటికి రెండు' అంటే పదివేలకు నెలకు రెండొందలని చదువు రానివాడూ నోటితో చెప్పేస్తాడు. నాగుకు, అంటే గింజల వడ్డీకి, తెచ్చుకున్న గింజలకు కోతల్లో ఎంత కొలవాలో ఇంట్లో అందరికీ తెలుసు. తెలియనిది కాగితం. ప్రామిసరీ నోటుకు గడువు మూడేళ్లు. కట్టినప్పుడల్లా నోటు వెనక చెల్లు రాసి సంతకం చేస్తే గడువు మళ్లీ మొదలవుతుంది. చెల్లు ఇద్దరికీ పనికొచ్చేదే, కాకపోతే నోటుండేది షావుకారు పెట్టెలో. ఏమీ కట్టకుండా మూడేళ్లు గడిస్తే పదివేలు 17,200 అవుతుంది. నోటు తిరగరాస్తే ఆ మొత్తమే అసలు, నెల వడ్డీ 344. రేటు మారలేదు, వడ్డీ అసలులో కలిసిపోయింది. తిరగరాసిన రోజే అసలు కథ.

షావుకారు లేకపోతే ఎవరిచ్చేవారు? న్యాయమైన ప్రశ్నే. 1951-52 అఖిల భారత గ్రామీణ పరపతి సర్వేలో రైతుల అప్పుల్లో దాదాపు 70 శాతం వడ్డీ వ్యాపారులవి, సహకార సంఘాలవి 3 శాతం చిల్లర. పూచీకత్తు లేని చోట అప్పిచ్చి నష్టాన్ని నెత్తిన వేసుకున్నదీ అతనే. అయినా అప్పివ్వడం వేరు, లెక్క దాచడం వేరు. రైతుకు కావలసింది తన ఖాతా నకలు.

అలాంటి నకలు చేతికి రావడానికి చాలా కాలం పట్టింది. 2005లో క్రెడిట్ సమాచార కంపెనీల చట్టం వచ్చింది. 2017 జనవరి నుంచి ఆ కంపెనీలు ఏడాదికో పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ కంపెనీల్లో ఒకటైన సిబిల్ ఇచ్చే స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. కట్టిన వాయిదా కట్టలేదని రిపోర్టులో పడితే సరిదిద్దమని రాతపూర్వకంగా అడగొచ్చు. పెట్టెలో నోటుతో అది కుదిరేది కాదు. అయితే ఈ చిట్టా బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు పంపినంతే. ఖమ్మం మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి దగ్గర తెచ్చుకుని, పంట తూకం వేయించిన రోజే పైసాతో సహా తీర్చే కౌలు రైతుకు ఊళ్లో పరపతి ఎంతైనా, ఆ చెల్లింపుతో అతనికి స్కోరు రాదు.