యంత్ర సారథి

ఏలూరు కాలువపై సరకుల పడవలు సాగిన దినములలో, చుక్కాని పట్టిన సరంగు కునుకు తీసినచో పడవ గట్టునకు తగులుట తప్పెడిది కాదు. నేడు విజయవాడ వన్ టౌను వర్తకుడు గన్నవరమున విమానమెక్కి, మేఘములకు పైగా తాను నిశ్చింతగా కునుకు తీయుచున్నాడు. ఆ వేళ విమాన చోదకుని చేతులును చాలవరకు ఖాళీగనే యుండును. విమానమును నడుపునది ఆటోపైలట్ అను యంత్రము. ఈ యంత్ర సారథి ఎట్లు పుట్టినదో, మనుష్యుని ఎప్పుడు ఏమరపాటునకు లోను చేసినదో తెలిసికొనుట ప్రయాణము చేయు ప్రతి కుటుంబమునకును అవసరము.

దీని మూలసూత్రము మన పిల్లల ఆటలో నున్నది. గిర్రున తిరుగు బొంగరము తన నిలువును సులభముగా విడువదు. అట్టి బొంగరమునే చట్రములలో అమర్చి గైరోస్కోపు అనిరి. విమానము ఒరిగినను ఇది ఒరుగదు. ఆ భేదమును బట్టి యంత్రము రెక్కలను సరిదిద్దును. అమెరికా దేశీయుడు లారెన్స్ స్పెర్రీ 1914 జూన్ 18వ తేదీన పారిస్ చెంత సేన్ నదిపై ఈ వింతను ప్రదర్శించెను. అతడు రెండు చేతులను పైకెత్తి కూర్చుండగా, సహాయకుడు ఎమిల్ కషాన్ రెక్కపైకి నడచిపోయెను. అయినను విమానము చలింపలేదు. 1933లో వైలీ పోస్ట్ ఈ యంత్రము తోడుగా ఒంటరిగా భూమిని చుట్టి, 7 దినముల 18 గంటల 49 నిమిషములలో తిరిగివచ్చెను. 1947లో అమెరికా సైనిక విమానమొకటి నేల విడిచినది మొదలు ఇంగ్లండున దిగువరకు యంత్రము చేతనే నడుపబడి అట్లాంటిక్ మహాసముద్రమును దాటినది.

దీర్ఘప్రయాణమున గంటల కొలది ఒకే దిక్కును, ఒకే ఎత్తును నిలుపుట మనుష్యునకు మిక్కిలి శ్రమ. ఆ శ్రమను యంత్రము తీసికొన్నది. క్రమముగా ఇంజనుల శక్తిని హెచ్చించి తగ్గించు పనియు దానికే అప్పగింపబడినది. కాని యంత్రమునకు తెలిసినది తనకిచ్చిన ఆజ్ఞ మాత్రమే. ఆజ్ఞ పొరపాటుగా నున్నను, ఎవరి చేయియో తగిలి మారినను, అది ఆ ప్రకారమే నడచుకొనును.

1972 డిసెంబరు 29వ తేదీ రాత్రి అమెరికాలోని మయామీ నగరమున దిగవలసిన ఈస్టర్న్ సంస్థ విమానమున, ముందు చక్రము దిగినదని తెలుపు దీపము వెలుగలేదు. చోదకులు 2,000 అడుగుల ఎత్తును నిలుపుమని యంత్రమునకు అప్పగించి, ఆ చిన్న దీపముపై దృష్టి నిలిపిరి. దండమునకు ఎవరి చేయియో తగిలి, ఎత్తును నిలుపు ఏర్పాటు తొలగిపోయి యుండునని విచారణలో భావించిరి. విమానము మెల్లమెల్లగా దిగుచుండగా, దానిని తెలుపు హెచ్చరిక ధ్వనిని ఎవరును గమనింపలేదు. విమానము చిత్తడినేలలో కూలి 101 మంది మరణించిరి. చక్రము సరిగనే దిగియున్నది. మాడిపోయినది దీపము మాత్రమే.

మన పొరుగు రాష్ట్రమగు కర్ణాటకమున జరిగిన దుర్ఘటన మనకు మరింత సమీపమైనది. 1990 ఫిబ్రవరి 14వ తేదీన ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి ఎయిర్‌బస్ ఎ-320 విమానము బొంబాయి నుండి 146 మందితో బెంగుళూరునకు వచ్చుచుండెను. ఆ రకపు విమానములు మన దేశమునకు వచ్చి ఏడాది కాలేదు. చోదకులలో ఒకరు పరీక్షించువారు, వేరొకరు పరీక్షింపబడువారు. నిమిషమునకు 700 అడుగుల చొప్పున దిగవలెనని వారి ఉద్దేశము. అయితే దిగు వేగమును నిర్ణయించు మీటకు బదులు ప్రక్కనున్న ఎత్తును నిర్ణయించు మీటను త్రిప్పి యుండవచ్చునని విచారణలో అభిప్రాయపడిరి. బెంగుళూరు విమానాశ్రయమే సముద్రమట్టమునకు సుమారు 2,900 అడుగుల ఎత్తున నున్నది! చోదకుడు విమానమును చేతితో దించుచున్నను, ఇంజనుల శక్తి యంత్రము వశముననే యుండెను. ఇంకను దిగవలసి యున్నదను భావనతో అది ఇంజనులను కనిష్ఠ శక్తియందే ఉంచినది. 400, 300, 200 అడుగులని విమానమే ఎత్తును పలికినను, సకాలమున శక్తిని పెంచలేదు. కనిష్ఠ శక్తిలోనున్న ఇంజనులు పుంజుకొనుటకు కొన్ని సెకనులు పట్టును. ఆ సెకనులు మిగులలేదు. విమానము రన్‌వేకు ముందరనే గోల్ఫు మైదానమున పడి కాలిపోయినది. 92 మంది ప్రాణములు పోయినవి.

వేరొక ఘట్టము ప్రాణాపాయమున మొదలై క్షేమముగా ముగిసినది. 2010 మే 26వ తేదీన దుబాయి నుండి పూనాకు వచ్చుచున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానమున 113 మంది ప్రయాణికులుండిరి. పెద్ద చోదకుడు మరుగుదొడ్డికి వెళ్లెను. సహచోదకుడు తన ఆసనమును ముందుకు జరుపుకొనుచుండగా నడుపు దండము నొక్కబడి, విమానము సుమారు 7,000 అడుగులు క్రిందికి దూసుకుపోయినది. అతడు కలవరపడి తలుపైనను తెరువలేకపోయెను. పెద్ద చోదకుడు అత్యవసర సంకేతముతో తలుపు తెరచుకొని లోనికి వచ్చి, విమానమును తన చేతిలోనికి తీసికొని నిలిపెను. ప్రయాణికులు సురక్షితముగా ఇల్లు చేరిరి.

ఈ మూడింటిలోను యంత్రము చెడిపోయినదని చెప్పుటకు వీలులేదు. అది ఏమి చేయుచున్నదో దగ్గరనున్నవారు గ్రహింపకపోవుటయే అపాయమైనది. అందుచేతనే చోదకుల శిక్షణయందు మొదట విమానమును నడుపుము, పిదప దిక్కు చూచుకొనుము, అటుపిమ్మట మాటలాడుమని బోధింతురు. చిక్కు ఏర్పడినపుడు ఒకరు దానిని పరిశీలించుచుండగా, రెండవవారు ఎత్తును, వేగమును కనిపెట్టుచుండవలెను. యంత్రపు నడక అర్థము కానిచో, నడుపు దండముపైనున్న మీటను నొక్కి దానిని తొలగించి, స్వహస్తముతో నడుపవలెను. చేతికి ఆ అలవాటు తప్పకుండుటకై అప్పుడప్పుడు యంత్రసహాయము లేకుండ నడుపు అభ్యాసమును చేయింతురు.

స్పెర్రీ చేతులు ఎత్తిన నాటి నుండి నూరేండ్లు దాటినవి. చేతి శ్రమను యంత్రము తగ్గించినది. మెలకువగా నుండు బాధ్యత మాత్రము నేటికిని మనుష్యునిదే. గన్నవరమున విమానమెక్కిన కుటుంబము నిశ్చింతగా నిదురింపవచ్చును. కాని సరంగునకు వలెనే ముందరి గదిలోని ఇరువురకును ఆ నిదుర తగదు.