పచ్చకామెర్లు

రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పెరిగి కళ్లు, చర్మం పచ్చబడటాన్ని కామెర్లు లేదా పచ్చకామెర్లు అంటారు. ఇది వేరే జబ్బుకు లక్షణమే గాని, తానే ఒక జబ్బు కాదు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అది చితికినప్పుడు పుట్టే బిలిరుబిన్‌ను కాలేయం శుద్ధిచేసి పైత్యరసంతో పేగుల్లోకి పంపుతుంది. ఈ దారిలో ఎక్కడ తేడా వచ్చిందన్నదాన్ని బట్టి కామెర్లు మూడు రకాలు.

మొదటి రకంలో, ఉదాహరణకు మలేరియా, సికిల్ సెల్ వ్యాధుల్లో, రక్తకణాలు మితిమీరి చితికిపోతాయి. రెండో రకంలో కాలేయమే దెబ్బతింటుంది. కలుషితమైన నీరు, ఆహారం ద్వారా హెపటైటిస్ ఎ, ఇ వస్తాయి. వీటిలో ‘ఇ’ గర్భిణులకు ప్రాణాంతకం కావచ్చు. బి, సి రకాలు ప్రధానంగా రక్తం ద్వారా సోకి ఏళ్లతరబడి దాగి ఉండగలవు. మద్యం, కొన్ని మందులు కూడా కాలేయాన్ని పాడుచేస్తాయి. మూడో రకంలో పైత్యనాళానికి రాయి లేదా కణితి అడ్డుపడుతుంది. మలం సుద్దలా తెల్లబడుతుంది, మూత్రం రంగు ముదురుతుంది, ఒళ్లంతా దురద.

నెలలు నిండి పుట్టిన శిశువుల్లోనూ సగానికి పైగా మొదటి వారంలో పచ్చబడతారు. చాలామందికి అదే తగ్గుతుంది. అయితే తొలి 24 గంటల్లోనే కనిపిస్తే ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే మితిమీరిన బిలిరుబిన్ మెదడును దెబ్బతీస్తుంది. నీలి కాంతి చికిత్స దాన్ని తగ్గిస్తుంది.

హెపటైటిస్ ఎ దాదాపు ఎప్పుడూ దానంతటదే నయమవుతుంది. కామెర్లకు ఇచ్చే పసరు మందులకు మంచిపేరు రావడానికి అదొక కారణం. పైత్యనాళంలో రాయిని పసరు గాని, చేతిపై పెట్టే వాత గాని తీయలేవు. కళ్లు పచ్చబడితే ముందు రక్తపరీక్ష చేయించుకోండి.